దండెం మీది అంగి

నడిమివాగు, ఆదిలాబాద్ జిల్లా
14 జూన్ 2023

అన్నా,

నమస్తే. ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటి అనుకుంటావు. ఫోన్లో నువ్వు సగం మాట వినకముందే "సరే సరే, సూద్దాం తియ్యి" అని పెట్టేస్తావు. రాస్తే చివరిదాకా చదువుతావు. ముప్పై ఐదేండ్లు ఆఫీసులో ఫైళ్లు చదివిన అలవాటు నీది.

నా ఒంటరి మహిళ పింఛను తీసేశారు. మూడు నెలలుగా రాకపోతే వేలిముద్ర పడడం లేదేమో అనుకున్నాను. మొన్న మండల ఆఫీసుకు పోతే అక్కడి పిల్ల కంప్యూటర్లో వెతికి ఒక కాగితం తీసి ఇచ్చింది. రెండే వరుసలున్నాయి. "విచారణలో సదరు మహిళ ఇంట మగ మనిషి నివసిస్తున్నట్టు తేలినందున, ఆమె ఒంటరి మహిళ కాదని నిర్ణయించి పింఛను రద్దు చేయడమైనది." కింద ఆఫీసర్ సంతకం, ముద్ర.

"ఎవలు బిడ్డా గా మగ మనిషి? జర నాకు గూడ చూపియ్యిన్రి" అన్నాను. నా వెనక వరుసలో నిలబడ్డవాళ్లు నవ్వారు.

కొండల్ మస్కట్ పోయి పద్నాలుగేండ్లు. ఆయన ఫోన్ బందయి పన్నెండేండ్లు. బతికి ఉన్నాడో లేడో చెప్పే మనిషి లేడని నీకంటే ఎవరికి బాగా తెలుసు? ఏజెంటు ఇంటి చుట్టూ తిరిగింది నువ్వే కదా.

పింఛను లేకపోతే పత్తి ఏరుకొని బతుకుతాను, చేతులు పడిపోలేదు. ఆ కాగితమే నన్ను నిద్ర పోనివ్వడం లేదు. నలభై ఏడేండ్ల వయసులో ఇంట్లో మగవాణ్ణి పెట్టుకుందని సర్కారు ముద్ర వేసి రాసిచ్చింది. నిన్న బోరింగు దగ్గరికి బిందె పట్టుకొని పోతే అక్కడ ముచ్చట్లు పెట్టుకునేవాళ్లంతా ఒక్కసారి నోరు మూసుకున్నారు. ఏం చేయాలో నువ్వే చెప్పు.

నీ చెల్లె
జమున


మంకమ్మతోట, కరీంనగర్
22 జూన్ 2023

చి.ల.సౌ. జమునకు అన్న హనుమండ్లు ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ నేను కుశలం. మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది.

ఆందోళన చెందవద్దు. ఆఫీసర్లు ఎవరి మీదా కక్షతో రాయరు. బల్ల మీద నాలుగు వందల ఫైళ్లు ఉన్నప్పుడు కింది నుంచి వచ్చిన నివేదికను నమ్మి సంతకం పెడతారు. నేనూ అట్లాగే పెట్టించాను. పునఃపరిశీలన కోరుతూ ఒక అర్జీ నమూనా జతపరిచాను, దానిని తిరగరాసి ఇవ్వు. విచారణకు ఎవరు వచ్చారో, ఎవరెవరిని అడిగారో నీకేమైనా తెలిసిందా? తెలిస్తే రాయి.

ఒక్క మాట. ఎవరో చెప్పారని కోర్టు గీర్టు అనకు. కోర్టుకు పోతే ఫైలు మొత్తం బయటికి వస్తుంది. అందులో ఎవరు ఏమన్నారో నలుగురూ చదువుతారు. పరువుగల ఇంటి ఆడపిల్లకు అది మంచిది కాదు.

మీ వదిన పోయినప్పటి నుంచి ముందు గది ఖాళీగానే ఉంది. వచ్చి ఇక్కడే ఉండిపో. ఇద్దరికీ ఒక చిన్న కుక్కర్ చాలు.

ఇట్లు
హనుమండ్లు


నడిమివాగు
19 జూలై 2023

అన్నా,

నీ నమూనా అర్జీ బంగారంలాగా ఉంది. మూడు సార్లు తిరగరాసి మూడు సార్లు ఇచ్చాను. ఒక్కసారి కూడా రసీదు ఇవ్వలేదు. "పైకి పంపినం" అంటారు. ఆ పై ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

నీ దగ్గరికి రమ్మన్నావు. సంతోషం. కానీ ఇప్పుడు ఇల్లు తాళం వేసి వస్తే ఊరు ఏమంటుంది? "గా మగోని ఎంబడి పోయింది" అంటుంది. కాగితంలో రాసింది నిజమైపోతుంది. అది తుడిచిపెట్టేదాకా ఈ గడప విడవను.

ఇప్పుడు నీకు కూడా చెప్పని సంగతి చెబుతాను. మగ మనిషిని వాళ్లెక్కడ చూశారో నాకు తెలుసు. దండెం మీద చూశారు.

కొండల్ ఫోన్ బందయిన రెండో ఏడు ఎవడో తాగి వచ్చి నా తలుపు కొట్టాడు. తెల్లారి పక్కింటి బుచ్చవ్వతో చెప్పుకొని ఏడ్చాను. ముండమోసి నలభై ఏండ్లు ఒక్కతే బతికిన మనిషి ఆమె. "ఏడువకు బిడ్డా. గడప ముందట మగ చెప్పులు, దండెం మీద మగ అంగి ఉంటే కుక్క సుత జంకుతది" అంది. కొండల్ విడిచిపోయిన నీలం గళ్ల అంగి పెట్టెలో ఉంటే తీశాను. అప్పటి నుంచి వారానికి రెండు సార్లు ఉతికి ఆరేస్తున్నాను. ఎవరూ తొడగని అంగికి కాలర్ చినిగింది, చూడు. ఎండకు, నా చేతి రాపిడికి చినిగింది. బుచ్చవ్వ పోయి నాలుగేండ్లయింది. దండెం మీద అంగి మాత్రం ఆగలేదు. ఇంట్లో ఎవరో ఉన్నారని బయటివాళ్లు అనుకుంటే నాకు కొంచెం ధైర్యం.

కొత్తగా వచ్చిన పంచాయతీ సెక్రటరీ, తారక్ అట, నేను చేనుకు పోయినప్పుడు వచ్చి ఫోన్లో దాని ఫొటో తీసుకొని పోయాడు. ఎదురింటివాళ్లు ఇప్పుడు చెప్పారు.

నిర్మల్‌లో ఉచిత న్యాయ సలహా శిబిరం పెడితే పోయాను. ఆమని అని హుజూరాబాద్ పిల్ల, హైకోర్టులో వకీలు, నా ఎదురుగా కూర్చుంది. నేను అంగి కథంతా చెప్పబోతే చెయ్యి పట్టుకొని ఆపింది. "అంగి ఎవరిదో హైకోర్టు తేల్చది అక్కా. పింఛను నీకు రావాల్నో వద్దో గూడ తేల్చది. అంగి ఎవరిదని నిన్ను అడిగిన్రా, అడగకుండనే రాసిన్రా, గదొక్కటే సూస్తది" అంది.

అన్నా, ఈ పన్నెండేండ్లలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడం కూడా ఒక తప్పేనని, దానికి ఒక కోర్టు ఉందని ఆ పిల్ల చెబితే ఆ బెంచీ మీదనే ఏడ్చాను. కాగితాల మీద సంతకం పెట్టి వచ్చాను. కోపం చేయకు.

జమున


మంకమ్మతోట, కరీంనగర్
30 ఆగస్టు 2023

చి.ల.సౌ. జమునకు ఆశీస్సులు.

నేను వద్దన్న పని చేశావు. అంగి సంగతి ముందే చెప్పి ఉంటే సలహా వేరేగా ఇచ్చేవాణ్ణి.

ఇప్పటికైనా కేసు వాపసు తీసుకో. ఆ వకీలుతో నేను మాట్లాడతాను. పింఛను ఎంతో అంత నేనే నెలనెలా పంపుతాను. సర్కారుతో గెలిచినా మళ్లీ వాళ్ల గడపకే పోవాలి. ఆఫీసులో పనిచేసినవాణ్ణి, నాకు తెలిసి చెబుతున్నాను. నీ మంచికే చెబుతున్నాను.

మోకాలి నొప్పి పెరిగింది. ఇంతకంటే రాయలేను.

హనుమండ్లు


నడిమివాగు
11 అక్టోబర్ 2023

హనుమండ్లు గారికి,

ఇట్ల పిలిస్తే ఎట్లున్నది? బడి తెలుగుల కోపం రాస్తందుకు నాకు వస్తలేదు. మన మాటల్నే రాస్తున్న.

సర్కారు కోర్టుకు ఇచ్చిన జవాబు నకలు ఆమని పంపింది. నాలుగో పేజీ. నీ కండ్లతోని నువ్వే చదువుకో. "పిటిషనరు సొంత అన్న, విశ్రాంత సూపరింటెండెంటు అయిన హనుమండ్లును 12-2-2023 నాడు ఫోన్‌లో విచారించగా, ఆమె భర్త రెండేళ్లకోసారి గల్ఫ్ నుంచి వచ్చి పోతున్నాడని, గత దసరాకు కూడా వచ్చాడని తెలిపినారు."

ఆమని ఫోన్ చేసి "అక్కా, గీయన నీ సొంత అన్ననేనా?" అని అడిగింది. నేనేం జెప్పాలె? తోడబుట్టినోడే అని చెప్పిన.

పోయిన దసరాకు వచ్చిండా మా ఆయన? నాకు ఒక్క మాట చెప్పకపోతివి! ఒక ముద్ద వండి పెడుదును గదా. ఊరంత జమ్మి ఆకు చేతుల పెట్టుకొని అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే, నాకు ఇంట్ల ఇయ్యటానికి ఎవ్వలు లేక దండెం మీది అంగి జేబుల పెట్టిన జమ్మి ఆకు. నీకు ఎరుకేనా గా సంగతి? నీకెట్ల ఎరుకైతది? నువ్వు వచ్చినవా, సూసినవా?

పరాయోళ్లు భయపడాలని నేను అంగి ఆరేసిన. నువ్వు ఎవల కోసం చెప్పినవ్ గా మాట? కోర్టు వద్దు, ఫైలు బయటికి వస్తది అని ఎందుకు మొత్తుకున్నవో ఇప్పుడు సమజైంది. నా పరువు కోసం అనుకున్న పిచ్చిదాన్ని.

ఇగ రాయకు.

జమున


మంకమ్మతోట, కరీంనగర్
18 అక్టోబర్ 2023

జమునా,

చి.ల.సౌ. అని రాస్తందుకు కలం ఆడలే. మొగడు ఎక్కడున్నడో పన్నెండేండ్ల సంది తెల్వని చెల్లెకు గా మూడు అక్షరాలు రాసిన. నాకే సిగ్గయింది. నేను గూడ మన మాటల్నే రాస్త.

నేనే చెప్పిన. గా నాలుగో పేజీల రాసింది నా మాటనే.

హుజూరాబాద్‌ల మీ వదిన తరఫోళ్ల పెండ్లి. బంతిల కూసున్న, ఇస్తారి ముందటున్నది. అంతకు ముందే పక్కకున్నాయన "మీ జమున మొగడు మస్కట్ల మంచిగున్నడా?" అంటే "మంచిగున్నడు" అన్న. గంతల్నే ఫోన్ వచ్చింది. ఎవలో పోరడు, పంచాయతీ సెక్రటరీని అన్నడు. "మీ చెల్లె భర్త వస్తుంటడా సార్?" అన్నడు. చుట్టూ చుట్టాలే. అందరు నా దిక్కే సూస్తున్నరు. "వస్తడు, మొన్న దసరాకు గూడ వచ్చిండు" అని పెట్టేసిన. ఎందుకు అడుగుతున్నడో అడగలే. ముప్పై ఐదేండ్లు విచారణలు చేయించినోణ్ణి, ఎందుకయ్యా అని ఒక్క మాట అడగలే.

గీ అబద్ధం మొదలు అవ్వకు చెప్పిన. నీ పెండ్లి కుదిర్చింది నేను. సంబంధం నేను తెచ్చిన. అవ్వ మంచంల పడి "అల్లుడు ఫోన్ చేసిండా?" అని రోజు అడుగుతుంటే "చేసిండు అవ్వా" అన్న. అవ్వ పోయింది. అబద్ధం పోలే. చుట్టాలకు చెప్పిన, ఆఫీసుల చెప్పిన. సబ్బులు తెచ్చిండని, టార్చిలైట్ తెచ్చిండని చెప్పిన. చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపించేది.

నీ మొదటి ఉత్తరం చదివిన్నాడే నాకు ఎరుకైంది, నా మాట మీదనే నీ పింఛను పోయిందని. నీ మంచికి అని రాసిన. నా మంచికే.

ఇంకోటి సుత చెప్త. నేను పొద్దంత ముందటి గదిల టీవీ పెట్టి, వంటింట్ల కూసుంట. సూడ. ఇంట్ల ఎవలో మాట్లాడుతున్నట్టు ఉంటదని పెడుత. నీ అంగి సంగతి చదివిన్నాడు టీవీ బంద్ చేసిన, మల్ల పెట్టిన.

తిట్టు. ఫోన్ల తిట్టినా మంచిదే, ఈసారి పెట్టెయ్య.

హనుమండ్లు


మంకమ్మతోట, కరీంనగర్
20 నవంబర్ 2023

జమునా,

నెల దాటింది. పోస్టుమ్యాన్ వచ్చే యాళ్లకు గేటు కాడ కుర్చీ వేసుకుంటున్న. కరెంటు బిల్లులే వస్తున్నయి. ఆదిలాబాద్ దిక్కు చలి మొదలైందని పేపర్ల వచ్చింది. రగ్గులు ఉన్నయా?

అన్న


నడిమివాగు
21 డిసెంబర్ 2023

అన్నకు,

రగ్గులున్నాయి.

కోర్టు అయిపోయింది. ఆమని రమ్మంటే పట్నం పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. అంత పెద్ద హాలు, నల్లకోట్లు, నా పేరు ఎప్పుడు పిలిచారో కూడా తెలియలేదు. పది నిమిషాలే. సర్కారు వకీలు ఫొటో చూపించాడు, నీ మాట చదివాడు. నా పక్కన కూర్చున్నవాళ్లకు నేనెవరో తెలియదు, అయినా తల దించుకున్నాను.

జడ్జిగారు ఫొటో పక్కన పెట్టేశారు. "ఇల్లు చూశారు. అన్నను అడిగారు. ఈమెను అడిగారా?" అన్నారు. సర్కారు వకీలు కాగితాలు తిరగేశాడు. "నోటీసు ఇచ్చారా?" అన్నారు. లేదన్నాడు. అంతే. రెండు వరుసల ఆ కాగితాన్ని కొట్టేశారు.

నేను గెలిచాననుకొని దండం పెట్టబోయాను. బయటికి వచ్చాక ఆమని చెప్పింది. కేసు మళ్లీ అదే ఆఫీసర్ దగ్గరికి పోతుందట. ఆయనే నాకు నోటీసు ఇవ్వాలి, నన్ను పిలిచి నా మాట వినాలి, ఏం చేసినా ఎందుకు చేశాడో కారణం రాయాలి. "మల్ల గాయన కాడికేనా? పెనం మీదికెల్లి తీసి పొయ్యిల ఏసినట్టే గదా!" అన్నాను. "గాయన పని కోర్టు చెయ్యది అక్కా. గాయన పని గాయన సక్కగ చేసేటట్టు సూస్తది" అంది. నువ్వూ అదే రాశావు, మళ్లీ వాళ్ల గడపకే పోవాలని. అందులో అబద్ధం చెప్పలేదు నువ్వు.

నోటీసు వచ్చింది. నా పేరు మీద వచ్చిన మొదటి నోటీసు. జనవరి తొమ్మిది, పదకొండు గంటలకు. సాక్షులుంటే తెచ్చుకోవచ్చని ఉంది.

నువ్వు రావాలి. నీ మీద కోపం పోయి పిలవడం లేదు, పోలేదు. నీ మాట ఫైలులో ఉన్నంతకాలం నా మాట ఎవరూ నమ్మరు. చెప్పిన నోటితోనే వాపసు తీసుకోవాలి. నలుగురిలో తీసుకోవాలి. నీకు ఎంత కష్టమో తెలుసు. అయినా రావాలి.

జమున


మంకమ్మతోట, కరీంనగర్
28 డిసెంబర్ 2023

జమునా,

వస్తున్న. పొద్దుగాల మొదటి బస్సుకు.

అన్న


నడిమివాగు
2 ఫిబ్రవరి 2024

అన్నా,

ఆర్డరు నిన్న చేతికి వచ్చింది. ఈసారి మూడు పేజీలు. పింఛను తిరిగి ఇచ్చారు. నీకు ఫోన్లో చెప్పొచ్చు, కానీ ఇది రాసే సంగతే.

విచారణ రోజు నువ్వు టీ తాగకుండా పోయావు. నేను క్యాంటీన్ దగ్గర రెండు గ్లాసులు పట్టుకొని వెనక్కి తిరిగేసరికి నువ్వు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నావు. చూశావు కూడా. తల అటు తిప్పుకున్నావు. రెండు టీలూ నేనే తాగాను.

నీ మీద కోపం ఆ రోజు ఎప్పుడు పోయిందో చెబుతాను. నీ బూట్లకు పాలిష్ పెట్టుకొని వచ్చావు. ఎంతమందిని నీ బల్ల ముందు నిలబెట్టినవాడివో, చేతులు కట్టుకొని ఆ కుర్ర ఆఫీసర్ ముందు నిలబడ్డావు. నేను అంగి మడత విప్పి బల్ల మీద పెట్టి బుచ్చవ్వ చెప్పింది చెప్పాను. ఆయన విన్నాడు. మంచివాడే, అన్నా. అడిగితే వినే మనిషే. మొదలే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. తారక్ కూడా అక్కడే ఉన్నాడు, అంగి కాలర్ చూసి కిందికి చూశాడు.

తర్వాత నిన్ను అడిగాడు. నువ్వు పెండ్లి బంతి సంగతి దాచకుండా చెప్పావు. "అబద్ధం చెప్పిన సార్. నా ఇజ్జత్ కోసం చెప్పిన" అన్నావు. గదిలో పదిమంది ఉన్నారు. అప్పుడే పోయింది నా కోపం.

ఆయన అక్కడితో ఆపితే బాగుండేది. "అయితే ఈమెకు ఎవరెవరున్నారు?" అన్నాడు. "ఎవ్వలు లేరు సార్" అన్నావు. "మరి మీరు?" అన్నాడు. నువ్వు నా వైపు చూశావు. నేను నీ వైపు చూశాను. "నేను కరీంనగర్‌ల ఉంట సార్" అన్నావు. పక్కన కూర్చున్న పిల్ల అది కూడా టైపు కొట్టింది.

ఆ మాటే ఆర్డరులో రెండో పేజీలో ఉంది. "ఆమె సోదరుడు కరీంనగర్‌లో నివసిస్తున్నాడు. పై విచారణను బట్టి ఈమెకు తోడుగా ఎవరూ లేరని నిర్ధారించడమైనది." నేను ఎనిమిది నెలలు కొట్లాడింది ఈ వాక్యం కోసమే. బోరింగు దగ్గర మళ్లీ అందరూ మాట్లాడుతున్నారు, "సర్కారునే వంచినవ్ పో జమునా" అంటున్నారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి తలుపేసుకొని ఇంకోసారి చదివితే దుఃఖం ఆగలేదు. అంతా నిజమే రాశారు, ఒక్క అక్షరం తప్పు లేదు. దాని కింద ముద్ర కూడా ఉంది.

ఒక సంగతి నీకు తెలియదు. నువ్వు పోయాక అంగి అడిగితే ఇవ్వలేదు. "కోర్టు కేసు గదమ్మా, అన్ని రికార్డుల ఉండాలె" అని ఫైలుకు పెట్టి తాడు కట్టేశారు. నేను గట్టిగా అడగలేదు. దాన్ని ఉతికే పని తప్పింది అనుకొని వచ్చేశాను. తెల్లారి లేచి బకెట్ తీసుకొని వాకిట్లోకి పోయాను. నా రెండు చీరెలు ఆరేస్తే ఇంకా ఇంత దండెం మిగిలింది. మూడు వారాలుగా మిగులుతూనే ఉంది.

నీ పాత అంగి ఒకటి నాకు కావాలి. పార్సిల్ చేయకు. తొడుక్కొని రా. వేరే అంగి సంచిలో తెచ్చుకొని, ఒంటి మీదిది ఇక్కడ విడిచి పో. చెమట వాసన ఉన్నా సరే, నేను ఉతుక్కుంటాను. నాలుగు రోజులు ఉంటే ఇంకా మంచిది, ఆ టీవీని నాలుగు రోజులు దానంతట దాన్ని మాట్లాడుకోనీ.

మళ్లీ విచారణకు వస్తారేమో అని ఫికర్ చేయకు. వచ్చినవాళ్లు అడిగితే చెబుతాను. అడగకపోయినా పిలిచి మరీ చెబుతాను, అది మా అన్న అంగి అని.

నీ చెల్లె
జమున